థైరాయిడ్ ఆపరేషన్‌లో నా గొంతు నరాన్ని ఎలా కాపాడారు

పగలు నాది కర్నూలు పాతబస్తీలో ఎరువుల దుకాణం. చుట్టుపక్కల పల్లెల్లో మాత్రం నన్ను కృష్ణుడి వేషం కట్టే మనిషిగానే గుర్తుపడతారు. ఇరవై ఏళ్ళకు పైగా పద్యనాటకాలు ఆడుతున్నాను. హార్మోనియం ఐదు శ్రుతిలో పెట్టించుకుని పద్యం ఎత్తుకుంటాను. చివర రాగం నిలబడితే మా రాయలసీమ పల్లెల్లో ఇప్పటికీ వన్స్‌మోర్ అంటారు, స్టేజీ మీదికొచ్చి చదివింపులు చదివిస్తారు. అందుకే మెడలో గడ్డ ఉందని తెలిసినప్పుడు అందరూ క్యాన్సరేమోనని భయపడితే నాకు గొంతు మీదే బెంగ పట్టుకుంది. థైరాయిడ్ ఆపరేషన్ అంటే గొంతు పోతుందని మా నాటకాల వాళ్ళలో ఒక భయం ఎప్పటినుంచో ఉంది. ఆ భయం ఎంతవరకు నిజమో, గొంతును కాపాడటానికి ఏమేం చేస్తారో నేను దగ్గరగా చూశాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

గడ్డను మొదట కనిపెట్టింది డాక్టరు కాదు, మేకప్ వేసే తమ్ముడు. శివరాత్రి తిరునాళ్ళకు ఒక ఊళ్ళో నాటకం. మెడకు నీలం రంగు పూస్తూ చెయ్యి ఆపి, “అన్నా, ఒకసారి గుటక మింగు” అన్నాడు. మింగాను. “మళ్ళీ మింగు... కుడిపక్క ఏదో పైకి లేచి దిగుతాంది” అన్నాడు. థైరాయిడ్ గ్రంథి శ్వాసనాళానికి అతుక్కుని ఉంటుంది. గుటక వేస్తే దానితోపాటే పైకి కదులుతుంది. డాక్టర్లు చూసే గుర్తు కూడా అదేనని తర్వాత తెలిసింది.

స్కానింగ్‌లో కుడిపక్క నాలుగు సెంటీమీటర్ల గడ్డ ఉందని రాశారు. థైరాయిడ్ పనితీరు చూసే రక్తపరీక్ష టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంది. సూదితో కణాలు తీసి చూస్తే రిపోర్టులో బెథెస్డా నాలుగో వర్గం, ఫాలిక్యులర్ నియోప్లాజమ్ అని వచ్చింది. సూది పరీక్ష ఫలితాలను ఆరు వర్గాలుగా చెప్పే పద్ధతి పేరే బెథెస్డా. ఈ రకం గడ్డ మంచిదో చెడ్డదో సూది పరీక్ష తేల్చలేదు. కణాలు గడ్డ పొరను చీల్చుకుని బయటికి వచ్చాయా లేదా అన్నదే అసలు తేడా. అది తెలియాలంటే గడ్డ మొత్తం తీసి పొరను మైక్రోస్కోప్ కింద చూడాలి. కాబట్టి కుడిపక్క సగం గ్రంథి తీయక తప్పదన్నారు.

మొదట చూపించుకున్న చోట సర్జన్ ధైర్యం బాగానే చెప్పారు. “మేము నరం జోలికే పోము. గడ్డను ఆనుకుని కోసుకుంటూ వచ్చేస్తాం. మీ గొంతుకేం కాదు” అన్నారు. ఇంటికొచ్చి ఆ మాటే చెబితే మా హార్మోనియం మామకు నచ్చలేదు. “జోలికి పోకపోతే అది యాడుండేది ఎట్ల తెలుస్తాది అల్లుడా?” అన్నాడు. మామ చదువుకున్నది తక్కువ. అయినా ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అందుకే ఇంకొకరికి చూపించుకోవాలనుకున్నాను.

రెండోసారి వెళ్ళింది కర్నూలులోనే ఒక ఎండోక్రైన్ సర్జన్ దగ్గరికి. థైరాయిడ్, పారాథైరాయిడ్ లాంటి గ్రంథుల ఆపరేషన్లే ఎక్కువగా చేసే డాక్టరమ్మ. నేను నాటకాల మనిషినని చెప్పగానే ఆమె పెన్ను తీసుకుని స్కాన్ కవరు వెనకాల బొమ్మ గీశారు. ఆ కవరు ఇప్పటికీ నా దగ్గర ఉంది.

గొంతును కదిలించే నరం మెదడు నుంచి నేరుగా గొంతులోకి రాదు. వేగస్ అనే పెద్ద నరంతో కలిసి మెడ గుండా కిందికి దిగిపోతుంది. ఎడమవైపు అది ఛాతీలో గుండె నుంచి వచ్చే మహాధమని కిందుగా చుట్టుకుని వెనక్కి పైకెక్కుతుంది. కుడివైపు మెడ మొదట్లో, చేతికి రక్తం తీసుకెళ్ళే ధమని కిందుగా తిరుగుతుంది. అక్కడినుంచి శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య ఉన్న గాడిలో పైకి పాకి, సరిగ్గా థైరాయిడ్ వెనకనుంచి స్వరపేటికలోకి దూరుతుంది. ఇలా తిరిగొస్తుంది కాబట్టే ఇంగ్లీషులో దాన్ని రికరెంట్ లారింజియల్ నర్వ్ అంటారు. మందం సుమారు రెండు మిల్లీమీటర్లు. తెల్లగా, ఉడికిన సేమియా పోగులాగా ఉంటుందన్నారు. గాలి పీల్చేటప్పుడు స్వరతంత్రులు విచ్చుకోవడం, మాట్లాడేటప్పుడూ మింగేటప్పుడూ దగ్గరికి రావడం, అన్నీ దాని పనే.

ఒకపక్క నరం దెబ్బతింటే గొంతు గాలిగా, బొంగురుగా మారుతుంది. నీళ్ళు తాగితే పొరబోతుంది. రెండు పక్కలా దెబ్బతింటే తంత్రులు రెండూ మధ్యలోనే ఆగిపోతాయి. అప్పుడు ఊపిరే కష్టమై గొంతుకు రంధ్రం చేయాల్సిన పరిస్థితి కూడా రావచ్చు. ఇదంతా ఆమె దాచకుండా చెప్పారు.

“మరి మీరు నరం జోలికి పోరు కదా మేడం?” అని అడిగాను. “పోతాను. ముందు దాన్నే వెతుకుతాను. కళ్ళారా చూస్తాను. అది ఎటు పోతోందో గొంతులోకి దూరే దాకా చూసుకుని, ఆ తర్వాతే గడ్డను విడదీస్తాను. చూడకుండా తప్పించుకుపోవాలంటే అదృష్టం మీద ఆధారపడాలి” అన్నారు.

ఈ మాటకు వెనక పెద్ద చరిత్రే ఉంది. రెండో శతాబ్దంలో రోమ్‌లో గేలెన్ అనే వైద్యుడు అరుస్తున్న పంది మెడలో ఈ నరాలను కోసి చూపించాడట. అరుపు ఒక్కసారిగా ఆగిపోయింది. గొంతుకూ ఈ నరానికీ సంబంధం ఉందని అలా అప్పుడే తేలింది. థైరాయిడ్ ఆపరేషన్‌లో ప్రాణాపాయాన్ని బాగా తగ్గించినవాడు స్విట్జర్లాండ్ సర్జన్ థియోడర్ కోకర్. థైరాయిడ్ మీద చేసిన కృషికే 1909లో ఆయనకు నోబెల్ వచ్చింది. కానీ నరాన్ని ముట్టుకోకుండా దూరంగా ఉండటమే మేలన్న నమ్మకం ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచింది. 1938లో అమెరికా సర్జన్ ఫ్రాంక్ లేహీ ప్రతి ఆపరేషన్‌లోనూ నరాన్ని వెతికి చూడాలని, అలా చూస్తే దెబ్బలు తగ్గుతాయని రాశాడు. ఇప్పటికీ ప్రపంచమంతా ప్రామాణికంగా నడుస్తున్నది ఆ పద్ధతే. మామ తన ఇంగితంతో అడిగిన ప్రశ్న లేహీ తేల్చిన విషయమే కదా అనిపించి నాకు మనసులో చాలా గర్వంగా అనిపించింది.

నాలాంటి వాళ్ళకు ఇంకో నరం సంగతి కూడా ముఖ్యం. దాన్ని గురించి మామూలుగా ఎవరూ చెప్పరు. స్వరపేటికకు పైనుంచి వచ్చే నరానికి బయటి కొమ్మ ఒకటి ఉంటుంది. స్వరపేటికలో అది కదిలించేది ఒకే ఒక్క కండరాన్ని. ఆ కండరం స్వరతంత్రిని సాగదీసి బిగిస్తుంది, అప్పుడే పై స్థాయి పలుకుతుంది. ఈ కొమ్మ దెబ్బతింటే మాట మామూలుగానే ఉంటుంది, పక్కనున్నవాళ్ళకు తేడా తెలియదు. పైకి రాగం తీయబోతే మాత్రం గొంతు ఎక్కదు. అరవాలన్నా బలం చాలదు. థైరాయిడ్ పైకొసకు వచ్చే రక్తనాళాలను ఆనుకునే ఈ కొమ్మ నడుస్తుంది. కొందరిలో కండరం లోపల దాక్కుని కంటికి కనపడను కూడా కనపడదు. అందుకే అక్కడి రక్తనాళాలన్నిటినీ ఒక్క ముడిలో గుత్తగా కట్టకుండా, గ్రంథికి అతి దగ్గరగా ఒక్కొక్కటే విడదీసి కట్టాలట. 1935లో చికాగోలో అమెలిటా గల్లీ-కుర్చీ అనే పేరున్న ఒపెరా గాయనికి థైరాయిడ్ ఆపరేషన్ జరిగింది. ఈ కొమ్మ తెగి ఆమె గొంతు పోయిందని సర్జన్లు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. నిజంగా కారణం అదేనా అని తర్వాత వాళ్ళలోనే కొందరు సందేహించారు. ఏదేమైనా ఆ కథ వల్ల ఈ చిన్న కొమ్మ మీద అందరి చూపూ పడింది. పాడేవాళ్ళు, పాఠాలు చెప్పేవాళ్ళు, సంతల్లో అరిచి అమ్ముకునేవాళ్ళు తాము చేసే పనేంటో సర్జన్‌కు ముందే చెప్పాలి. చెప్పకపోతే ఆ కొమ్మ విలువ ఆయనకెలా తెలుస్తుంది?

ఆపరేషన్‌కు ముందు ఈఎన్‌టీ డాక్టరు ముక్కులో మత్తు స్ప్రే కొట్టి, సన్నటి గొట్టం కెమెరా గొంతుదాకా దించారు. తెరమీద రెండు తెల్లటి పట్టీలు కనపడ్డాయి. ఊపిరి పీలిస్తే తిరగేసిన వి ఆకారంలో విచ్చుకుంటున్నాయి, “ఈ...” అంటే వచ్చి కలుసుకుంటున్నాయి. ఇన్నేళ్ళూ నాకు తిండి, పేరు, మర్యాద తెచ్చిపెట్టింది ఈ రెండేనా అనిపించి కళ్ళు చెమర్చాయి. బొంగురు లేకపోయినా ఈ పరీక్ష ఎందుకని అడిగాను. ఒక తంత్రి అప్పటికే పనిచేయకపోయినా రెండోది సర్దుకుని మాట మామూలుగానే వస్తుందట. ముందే చూసుకోకపోతే ఆపరేషన్ తర్వాత తేడా ఎప్పుడొచ్చిందో చెప్పలేరు. అంతకంటే ముఖ్యం, మంచిగా ఉన్న పక్కను ఎంత జాగ్రత్తగా చూసుకోవాలో తెలియదు. నా మాట, పద్యం, ఒకే ఊపిరిలో “ఆ...” ఎంతసేపు పట్టగలనో ఫోన్లో రికార్డు చేసుకోమన్నారు. ఇరవై ఐదు సెకన్లు పట్టాను.

ఆపరేషన్ ముందురోజు మత్తు డాక్టరు వచ్చి నర్వ్ మానిటర్ సంగతి చెప్పారు. ఊపిరి కోసం గొంతులో వేసే గొట్టం మీదే ఎలక్ట్రోడ్లు ఉంటాయి. అవి సరిగ్గా స్వరతంత్రులకు ఆనేలా అమరుస్తారు. సర్జన్ సన్నటి కడ్డీతో నరాన్ని తాకి సుమారు ఒక మిల్లీయాంప్ కరెంటు ఇస్తే తంత్రి అదురుతుంది. మెషిన్ టక్ టక్‌మంటుంది, తెరమీద అల లేస్తుంది. దీనికోసం కండరాలను సడలించే మందు గొట్టం వేసేటప్పుడు కొద్దిసేపు పనిచేసేది మాత్రమే ఇస్తారు. అది ఒంట్లో ఉంటే నరం బాగున్నా మెషిన్ పలకదు. గొట్టానికి, మెషిన్‌కు ఖర్చు విడిగా పడుతుంది. మెషిన్ ఉంటే నరం దెబ్బతినదని అనుకోవద్దని, వాడినంత మాత్రాన శాశ్వతమైన దెబ్బలు తగ్గుతాయని పరిశోధనలన్నీ ఒప్పుకోలేదని డాక్టరమ్మే స్పష్టంగా చెప్పారు. చేతికి, కంటికి అది తోడు మాత్రమే. నరం చూడటానికి నిండుగా ఉన్నా పనిచేస్తోందో లేదో కంటికి తెలియదు, మెషిన్‌కు తెలుస్తుంది. గ్రంథి రెండు పక్కలా తీయాల్సిన వాళ్ళకు దీని విలువ ఎక్కువ. మొదటి పక్క సిగ్నల్ పోయిందంటే అక్కడికి ఆపేసి, రెండో పక్క తర్వాతెప్పుడో చేయవచ్చు. రెండు నరాలూ ఒకేసారి పోయే ప్రమాదం తప్పుతుంది.

ఆపరేషన్ రోజు నాకు గుర్తున్నది తక్కువే. భుజాల కింద దిండు పెట్టి మెడ వెనక్కి వంచారు. తర్వాత ఏం జరిగిందో మరుసటి రోజు డాక్టరమ్మ చెబితేనే తెలిసింది. నరాన్ని గాడిలోనే కనిపెట్టారు. అది గొంతులోకి దూరక ముందే రెండు పాయలుగా చీలి ఉందట. చాలామందిలో అలాగే ఉంటుందిట. ఒక పాయ చూసి నరం మొత్తం అదేననుకుంటే రెండోది తెగిపోతుంది. ఆపరేషన్‌లో అసలు కష్టమంతా చివరనే ఉంది. గ్రంథి శ్వాసనాళానికి గట్టిగా అతుక్కున్న చోటును బెర్రీ లిగమెంట్ అంటారు. నరం సరిగ్గా దాని పక్కనుంచే పోతుంది. గడ్డను పైకి లాగితే నరమూ దానితో సాగుతుంది. నరాలకు తగిలే దెబ్బల్లో తెగేవి తక్కువ, ఇలా సాగి దెబ్బతినేవే ఎక్కువ. నా విషయంలోనూ గడ్డను లాగుతుండగా తెరమీద అల సగానికి పడిపోయిందట. వెంటనే గడ్డను వదిలేసి చేతులు ఆపి కాసేపు ఆగారు. అల మెల్లగా లేచింది, కానీ మొదటి ఎత్తుకు రాలేదు. అక్కడ రక్తం కారితే కాటరీతో కాల్చకుండా, గుడ్డిగా క్లాంపు వేయకుండా, గాజుగుడ్డతో ఒత్తిపట్టి, తర్వాత సన్నటి దారంతో కట్టారు. కాటరీ వేడి నరం దగ్గరికి చేరినా దెబ్బేనట. గడ్డ బయటికొచ్చాక పైన వేగస్ నరాన్ని తాకి చూస్తే మెషిన్ పలికింది.

ఆ రాత్రి నర్సమ్మ మాటిమాటికీ వచ్చి మెడ వాపు చూసి పోయింది. లోపల రక్తం చేరి శ్వాసనాళాన్ని నొక్కితే వెంటనే కుట్లు విప్పాల్సి వస్తుందట, మొదటి రోజంతా ఆ జాగ్రత్త ఉంటుంది. పక్కనున్న పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిని కాల్షియం పడిపోయే బాధ ఎక్కువగా రెండు పక్కలా తీసినవాళ్ళకే. నాకు రాలేదు.

తెల్లారి “మీ పేరు చెప్పండి” అన్నారు. చెప్పాను. మాటకంటే గాలే ఎక్కువ వచ్చింది. నీళ్ళు తాగితే పొరబోయి దగ్గు. మా ఆవిడ మొహం చూడలేక తల తిప్పుకున్నాను. మళ్ళీ కెమెరా వేసి చూస్తే కుడి తంత్రి కదులుతోంది, కానీ నెమ్మదిగా. నరం తెగలేదు కాబట్టి వారాల్లోనో నెలల్లోనో కోలుకుంటుందని, ఇలాంటివి ఎక్కువగా ఆరు నెలల లోపు సర్దుకుంటాయని చెప్పారు. ఏడాది దాటినా కదలకపోతే ఆ తంత్రిని మధ్యకు జరిపే చిన్న ఆపరేషన్ ఉందట. ఈలోపు మింగడం మరీ కష్టమైతే తంత్రిలోకి ఇంజెక్షన్ ఇచ్చి ఉబ్బిస్తారట. నాకు అవేవీ అవసరం పడలేదు. గడ్డం కిందికి వంచి నీళ్ళు గుక్క గుక్కగా తాగడం అలవాటు చేసుకుంటే పొరబోవడం తగ్గింది.

మాట నేర్పే థెరపిస్టు చెప్పినవాటిలో నాకు ఆశ్చర్యం కలిగించింది గుసగుసలాడొద్దన్న మాట. గొంతుకు విశ్రాంతి కదా అని నేను గుసగుసగానే మాట్లాడుతున్నాను. దానివల్ల గొంతు మరింత బిగుసుకుంటుందన్నారు. ఊరికే గొంతు సవరించుకోవడం కూడా మానమన్నారు. గ్లాసు నీళ్ళలో స్ట్రా పెట్టి బుడగలు ఊదుతూ “ఊ...” అని శబ్దం చేయమన్నారు. సరిగ్గా తొలకరి సీజన్. దుకాణం నిండా రైతులు. డీఏపీ ఉందా, పత్తి మందు ఏది వాడాలి అని అడుగుతుంటే మా ఆవిడ జవాబులు చెప్పేది, నేను పక్కన కూర్చుని బుడగలు ఊదేవాణ్ణి. “మీరు మాట్లాడొద్దు, వేలు చూపించండి చాలు” అనేది. ఆమె లేకపోతే ఆ సీజన్ నేను దుకాణం మూసేసేవాణ్ణే.

బయాప్సీలో ఫాలిక్యులర్ అడినోమా అని వచ్చింది, అంటే క్యాన్సర్ లేదు. ఇంట్లో అందరూ మహానందికి మొక్కు తీర్చుకుని వచ్చారు. నా మనసు మాత్రం ఇంకా గొంతు దగ్గరే ఉంది.

మామ సాయంత్రాలు హార్మోనియం పట్టుకుని వచ్చేవాడు. మూడు శ్రుతిలో పెట్టి “స పట్టు అల్లుడా, పద్యం గిద్యం వద్దు” అనేవాడు. మొదట్లో స కూడా వణికేది. ఒక ఊపిరికి పది సెకన్లు పట్టడమే గగనం. శ్రావణం వచ్చేసరికి గాలి తగ్గి మాటలో గట్టిదనం వచ్చింది. వినాయక చవితి నాటికి నాలుగు శ్రుతిలో పద్యం నడిచింది. అప్పుడు తీసిన కెమెరా పరీక్షలో రెండు తంత్రులూ సమంగా కదులుతున్నాయి. దసరాకు కోడుమూరు పక్క ఒక పల్లెలో నాలుగున్నరలో వేషం కట్టాను. ఐదు శ్రుతిలో తీసే ఆ చివరి రాగం ఇంకా పూర్తిగా చిక్కలేదు. పై స్థాయికి పనికొచ్చే ఆ బయటి కొమ్మ నరం కొంచెం అలిగిందో, నెలల తరబడి పాడకపోవడం వల్ల కండరం బిగువు తగ్గిందో కెమెరాలో సరిగా తేలదట. ఆ కండరానికి సూది పెట్టి దానిలోని కరెంటు చూసే ఈఎమ్‌జీ అనే పరీక్షతోనే కచ్చితంగా తెలుస్తుంది. దానివల్ల చికిత్స మారదు కాబట్టి నేను చేయించుకోలేదు. సాధన చేస్తున్నాను.

మొన్న ఆదోని నుంచి మా నాటకాల అన్న ఒకాయన ఫోన్ చేశాడు. ఆయనకు రెండు పక్కలా గడ్డలున్నాయి, మొత్తం గ్రంథి తీయాలన్నారట. “నరం జోలికి పోరు కదా” అని ఆయనా నాలాగే అడిగాడు. నరాన్ని వెతికి చూస్తారా, థైరాయిడ్ ఆపరేషన్లు తరచుగా చేస్తారా, ముందూ తర్వాతా తంత్రులు కెమెరాలో చూస్తారా, మొదటి పక్క సిగ్నల్ పోతే అక్కడికి ఆపేస్తారా, ఇవి డాక్టరును సూటిగా అడగమన్నాను. గొంతు గంటలా మోగుతున్న మనిషి. “నాకెందుకు కెమెరా?” అన్నాడు. పట్టుబట్టి వేయించాను. ఎడమ తంత్రి కదలడం లేదని తేలింది. ఎన్నాళ్ళుగానో ఆయనకే తెలియదు. నరాన్ని గడ్డ పట్టేసిందేమో చూడటానికి సీటీ స్కాన్ రాశారు. కుడిపక్క నరం ఒక్కటే మిగిలింది కాబట్టి మానిటర్ ఉన్న చోటే చేయాలని, ఆ పక్క ఎంతవరకు తీయాలో సీటీ చూశాకే నిర్ణయిస్తామని డాక్టర్లు అన్నారు. వచ్చే వారం సీటీ రిపోర్టు తీసుకుని ఆయన కర్నూలు వస్తున్నాడు. డాక్టరమ్మ దగ్గరికి నేనూ తోడు వెళ్తున్నాను.